కణానికీ కణానికీ నడుమ

జీవశాస్త్రం మీద తెలుగులో వచ్చిన పుస్తకాలు మనకు కణం లోపలికి చూడటం నేర్పాయి. కేంద్రకం, క్రోమోజోములు, డీఎన్‌ఏ, మైటోకాండ్రియా ఇవాళ హైస్కూలు పిల్లల నోట పలికే పేర్లు. ఆ కణాలు ఒకదాన్నొకటి ఎలా పట్టుకుని ఉన్నాయి, లక్షల కోట్ల కణాలున్న మనిషి పరుగెత్తినా, దగ్గినా, బరువెత్తినా విడిపోకుండా ఎలా నిలుస్తున్నాడు అన్న ప్రశ్న చుట్టూ మన భాషలో ఒక పూర్తి పుస్తకం నా కంటబడలేదు. ఇప్పుడు వచ్చింది. శరీరానికి నిలకడనిచ్చే ప్రొటీన్లు, కణాలను కలిపి ఉంచే సంధులు ఇందులో విషయం. మొదటి పేజీలో వేసిన ప్రశ్నను రచయిత్రి చివరి పేజీదాకా వదల్లేదు. దానికి జవాబు వెతుకుతూ మద్రాసు వెళ్ళింది, క్యోటో వెళ్ళింది, మళ్ళీ మన ఆస్పత్రి వార్డులకే వచ్చింది.

రచయిత్రి మా విశాఖపట్నం అమ్మాయి. నేను వైద్య విద్యార్థులకు శరీర నిర్మాణం, అందులోనూ మైక్రోస్కోపు కింద కనిపించే సూక్ష్మ నిర్మాణం పాఠం చెబుతూ ఉద్యోగం ముగించిన పంతుల్ని. ఈమె సైన్సు కాలేజీలో చదువుకునే రోజుల్లోనే స్లైడ్లు చూడటానికి మా ల్యాబుకు వచ్చేది. చూసింది చూసినట్టు బొమ్మ గీసేది, చూడనిది గీసేది కాదు. పరిశోధకురాలయ్యాక కూడా ఆ అలవాటు పోలేదని ఈ పుస్తకం చదివితే తెలుస్తుంది. తెలిసినంతే చెప్పి ఆగే నిగ్రహం పాపులర్ సైన్సు రాసేవాళ్ళలో అరుదు. నేను ముందుమాటకు వెంటనే ఒప్పుకున్నది అందుకే.

విషయంలోకి వస్తాను. వైద్య విద్యార్థి ప్రతివాడూ మొదటి ఏడాదిలో చర్మం స్లైడు చూస్తాడు. పై పొరలో, అడుగు వరసకు కాస్త ఎగువన, ఒంటినిండా ముళ్ళున్న కణాలు కనిపిస్తాయి. ఒక కణం ముల్లు పక్క కణం ముల్లుతో కలుస్తుంది. 19వ శతాబ్దంలో ఇటలీ శాస్త్రవేత్త జూలియో బిజ్జొజెరో ఆ కలిసే చోట చిన్న చుక్క ఉందని గమనించాడు. తరవాత కూడా చాలాకాలం ఆ ముళ్ళను వంతెనలనే పిలిచారు. ఒక కణంలోని జీవపదార్థం వాటి మీదుగా ఇంకో కణంలోకి పారుతుందనుకున్నారు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు వచ్చాకగాని అక్కడ దారి ఏదీ లేదని తేలలేదు. రెండు కణాల పొరలూ పూర్తిగా మూసుకునే ఉన్నాయి. మిల్లీమీటరును లక్ష భాగాలు చేస్తే అందులో రెండు మూడు భాగాలంత సందు వాటి నడుమ ఉంది. సందుకు అటొకటి ఇటొకటి దట్టమైన పలకలు. బిజ్జొజెరో చూసిన చుక్క అదే. దాన్ని డెస్మోసోము అంటున్నాం.

1963లో మెరిలిన్ ఫార్క్వార్, జార్జ్ పాలేడ్ అనే ఇద్దరు ఎలుకల, గినీపందుల పేగుల్లోనూ గ్రంథుల్లోనూ కణాల పక్కగోడలను పైనుంచి కిందిదాకా పరిశీలించి, సంధులు మూడు రకాలనీ అవి ఒక వరసలో ఉంటాయనీ చూపించారు. అన్నిటికన్నా పైన రెండు పొరలూ అతుక్కుపోయినంత బిగువుగా ఉన్న సంధి, దాని కింద కణం చుట్టూ పట్టీగా తిరిగిన సంధి, ఆ కింద అక్కడక్కడ చుక్కలుగా డెస్మోసోములు. ఆ వ్యాసంలోని ఫొటోలను నేను నా విద్యార్థులకు ఏటా చూపించేవాణ్ణి. అరవై ఏళ్ళు దాటినా వాటిని మార్చవలసిన అవసరం రాలేదు.

డెస్మోసోము పలకకు లోపలివైపు కెరాటిన్ పోగులు వచ్చి ముడిపడతాయి. ఒక కణం మీద పడిన లాగుడు ఆ పోగుల మీదుగా పక్క కణానికీ, అక్కడినుంచి ఆ పక్కదానికీ పాకి పొర మొత్తం మీద సర్దుకుంటుంది. ఈ సంగతి చెప్పడానికి రచయిత్రి మన తీరంలోని కుట్టుపడవను తెచ్చింది. మేకులు కొట్టకుండా, చెక్కల అంచుల వెంట బెజ్జాలు వేసి, కొబ్బరిపీచు తాడుతో కుట్టిన పడవలనే మన జాలర్లు కెరటాల్లోంచి సముద్రంలోకి తోసేవారు. మేకులు దిగ్గొట్టిన పడవకు ఒడ్డున విరిగే కెరటం తగిలితే మేకు దగ్గరే చెక్క పగులుతుంది. కుట్టుపడవ ఆ దెబ్బకు కాస్త వంగి, సడలి, మళ్ళీ బిగుసుకుంటుంది. చర్మం మన్నిక కూడా సడలడం తెలిసిన బిగువులోనే ఉంది. పోలిక చక్కగా కుదిరింది. అది ఎక్కడిదాకా చెల్లుతుందో కూడా ఆమె అక్కడికక్కడే చెప్పింది: పడవ కుట్టు ఒకసారి వేస్తే మనిషి విప్పేదాకా ఉంటుంది, కణం మాత్రం తన డెస్మోసోములను అనుక్షణం విప్పుకుంటూ కట్టుకుంటూ ఉంటుంది. పుండు మానేటప్పుడు అంచు కణాలు ముందుకు జరిగేది ఈ విప్పుడు వల్లనే.

పుస్తకంలో నాకు అన్నిటికన్నా నచ్చిన అధ్యాయం పెంఫిగస్ గురించినది. దాని దగ్గర కాసేపు ఆగుతాను.

పెంఫిగస్ రోగిని చూసినవాళ్ళు మరిచిపోలేరు. చాలామందికి ముందు నోట్లో పుళ్ళు వస్తాయి. కారం తగలనివ్వదు, ముద్ద మింగనివ్వదు. నెలల తరబడి నోటిపూత అనుకుని బి కాంప్లెక్సు మాత్రలు మింగుతారు. తరవాత ఒంటిమీద పల్చటి నీటిపొక్కులు లేస్తాయి. అవి చిట్లితే పచ్చిగా ఎర్రటి చర్మం బయటపడుతుంది. మంచి చర్మాన్ని వేలితో కాస్త నొక్కి జరిపినా పై పొర కదిలి వచ్చేస్తుంది. దుప్పటి అంటుకుంటుంది, బట్ట అంటుకుంటుంది. మన ఆస్పత్రుల్లో ఈ రోగులను లేత అరటాకుల మీద పడుకోబెట్టేవారు, ఇప్పటికీ కొన్నిచోట్ల ఆ పద్ధతి ఉంది. అరటాకు నున్నగా, చల్లగా ఉంటుంది, పచ్చిపుండుకు అంటుకోదు, ఖర్చూ ఉండదు. స్టిరాయిడ్ మందులు రాకముందు ఈ రోగం వచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఒకటి రెండేళ్ళకు మించి బతికేవారు కాదు. ఒంట్లోని నీరూ ఉప్పూ ప్రొటీనూ ఆ పుళ్ళలోంచి కారిపోయేవి, చీము పట్టేది.

ఎందుకిలా జరుగుతుంది? 1964లో అమెరికాలోని బఫెలోలో బ్యూట్నర్, జోర్డన్ ఈ రోగుల రక్తంలో చర్మకణాల నడుమకు వెళ్ళి అంటుకునే యాంటీబాడీలున్నాయని కనుక్కున్నారు. అవి దేన్ని పట్టుకుంటున్నాయో తెలియడానికి ఇంకా చాలాకాలం పట్టింది. 1991లో అమగాయ్, స్టాన్లీ బృందం ఆ ప్రొటీను జన్యువును పట్టుకుంది. డెస్మోగ్లీన్ 3 అని ఇప్పుడు పిలిచే ఆ ప్రొటీను డెస్మోసోములో సందును దాటి అవతలి కణాన్ని పట్టుకునే ప్రొటీన్లలో ఒకటి. రోగి శరీరం తన సంధిని తానే శత్రువనుకుని విప్పేస్తోందన్నమాట. నోట్లోనూ చర్మం లోతు పొరల్లోనూ డెస్మోగ్లీన్ 3 ఎక్కువ, చర్మం పై పొరల్లో డెస్మోగ్లీన్ 1 ఎక్కువ. ఒక రోగికి నోరు పుండై ఒళ్ళు ఎందుకు బాగుంటుందో, ఇంకొకరికి ఒళ్ళంతా పొలుసులు లేచి నోరు ఎందుకు చెడదో ఈ ఒక్క తేడాతో చాలావరకు అర్థమైంది. మంచం దగ్గర డాక్టరు కంటితో చూసిన తేడా ప్రొటీను దగ్గర తేలిన తేడాతో సరిపోవడం వైద్యశాస్త్రంలో తరచుగా దొరికే భాగ్యం కాదు.

మందుల సంగతీ ఈ అధ్యాయంలో వివరంగా ఉంది. స్టిరాయిడ్లు ప్రాణం నిలబెట్టాయి. ఢిల్లీ ఎయిమ్స్‌లో పస్రీచా గారు 1980లలో నెలకోసారి వరసగా మూడు రోజులు పెద్ద మోతాదులో మందు ఎక్కించే పద్ధతిని రూపొందించారు. దేశమంతటా చర్మవైద్యులు దాన్ని పాటించారు. ఇప్పుడు యాంటీబాడీలు తయారుచేసే కణాల వంశాన్నే తగ్గించే రిటక్సిమాబ్ వచ్చింది. ఇదంతా చెప్పి రచయిత్రి అడిగిన ప్రశ్న నన్ను కదిలించింది: రోగి భార్యకు ఇదెవరు చెబుతారు? పొక్కులు చూసి అంటురోగమనుకుని గిన్నె వేరు, పక్క వేరు చేసే ఇళ్ళు నేను చూశాను. పక్క మంచం రోగులే వార్డు మార్చమని అడగటం చూశాను. ఇది అంటదు, ఇది చేసుకున్న పాపమూ కాదు, కణాల నడుమ ఉండవలసిన ఒక పట్టు సడలింది అని నాలుగు తెలుగు మాటల్లో చెప్పగలిగితే రోగికి సగం ఊపిరి వస్తుంది. ఆ నాలుగు మాటలు ఇప్పుడు అచ్చులో ఉన్నాయి.

డెస్మోగ్లీన్లు కాడ్హెరిన్లు అనే పెద్ద కుటుంబానికి చెందినవి. వాటిని కనుక్కున్న జపాన్ శాస్త్రవేత్త మసతోషి తకేయిచి కథ చిన్నదే అయినా విద్యార్థులు చదవాలి. క్యోటోలో ఆయన ట్రిప్సిన్ అనే ఎంజైముతో కణాలను విడదీస్తే అవి మళ్ళీ త్వరగా గుమిగూడేవి. అమెరికాలోని కార్నెగీ ప్రయోగశాలకు వెళ్ళి అదే ప్రయోగం చేస్తే గుమిగూడలేదు. ఆయన విసుక్కుని వదిలేయకుండా రెండుచోట్లా వాడిన ద్రావణాలను పోల్చి చూశాడు. అమెరికా ద్రావణంలో కాల్షియాన్ని పట్టేసే రసాయనం కలిసి ఉంది. కాల్షియం ఉంటే ఆ ప్రొటీను ట్రిప్సిన్‌కు లొంగదు, లేకపోతే ముక్కలైపోతుంది. కణాల పట్టుకు కాల్షియం కావాలని అలా 1970లలో తేలింది. ల్యాబులో ప్రయోగం తప్పిన రోజున ఏం చేయాలో ఈ రెండు పేజీలు నేర్పుతాయి.

ఇక కొల్లాజెన్. మన ఒంట్లోని ప్రొటీన్లలో పాతిక నుంచి ముప్ఫై శాతం దాకా ఇదే. ఎముకలో, స్నాయువులో, చర్మం అడుగున, కంటి నల్లగుడ్డు ముందున్న పారదర్శకమైన పొరలో, ఎక్కడ చూసినా కొల్లాజెనే. దాని నిర్మాణం తేలింది మన పక్కనే మద్రాసులో. కర్నూలులో పుట్టిన ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియారు గారు మద్రాసు విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలరుగా ఉన్నప్పుడు భౌతికశాస్త్ర శాఖకు రామన్ గారిని పిలిచారు. రామన్ గారు తాను రాకుండా ముప్ఫై ఏళ్ళు నిండని జి.ఎన్. రామచంద్రన్ పేరు చెప్పారు. మద్రాసు వచ్చిన బ్రిటిష్ శాస్త్రవేత్త బెర్నాల్ కొల్లాజెన్ రూపం ఎవరికీ అంతుచిక్కలేదని అన్నాడు. ఆ మాట మీద రామచంద్రన్, గోపీనాథ్ కర్తా పని మొదలుపెట్టి, కంగారూ తోక స్నాయువు మీద ఎక్స్‌రేలు ప్రసరింపజేసి, కొల్లాజెన్ మూడు పేటలని 1954లో నేచర్ పత్రికలో ప్రకటించారు. మరుసటి ఏడాది తమ నమూనాను తామే సవరించి ఆ మూడు పేటలూ ఒకదాన్నొకటి చుట్టుకుని ఉన్నాయని చూపారు. ప్రతి మూడో స్థానంలో గ్లైసీన్ ఎందుకు ఉండాలో దానితో తెలిసింది: మూడు పేటలు కలిసే నట్టనడుమ అంతకన్నా పెద్ద అమైనో ఆమ్లానికి చోటు లేదు. ఆ గ్లైసీన్లలో ఒక్కటి మారినా కొందరు పిల్లలకు గాజు ఎముకల రోగం వస్తుంది.

ఇంగ్లండులో రిచ్, క్రిక్ వేరే నమూనా ఇచ్చారు. పరమాణువుల మధ్య దూరాలు మరీ తక్కువయ్యాయని రామచంద్రన్ నమూనాను విమర్శించారు. ఆయన ఆ విమర్శకు జవాబు వెతుకుతూ, అసలు ప్రొటీన్లలో పరమాణువులు ఒకదానికొకటి ఎంత దగ్గరికి రాగలవని దొరికిన స్ఫటికాలన్నీ పరిశీలించాడు. అందులోంచి పుట్టిందే 1963 నాటి రామచంద్రన్ పటం. ఇవాళ ప్రపంచంలో ఎక్కడ ఏ ప్రొటీను నిర్మాణం తేల్చినా దాన్ని ముందు ఆ పటం మీద పెట్టి సరిచూస్తారు.

ఈ కథలో తెలుగువాళ్ళు మరిచిపోకూడని మనిషి యలవర్తి నాయుడమ్మ గారు. తెనాలి దగ్గర యలవర్రులో 1922 సెప్టెంబరులో పుట్టారు. రామచంద్రన్ పుట్టింది అదే ఏడాది అక్టోబరులో. మద్రాసులో 1948లో ఏర్పడిన కేంద్ర తోళ్ళ పరిశోధన సంస్థకు నాయుడమ్మ గారు 1958 నుంచి 1971 దాకా డైరెక్టరు. ఆ సంస్థ విశ్వవిద్యాలయం గిండీ ఆవరణకు పక్కనే. ఒకవైపు కొల్లాజెన్ ఆకారం తేల్చేవాళ్ళు, ఇంకోవైపు కొల్లాజెన్‌ను తోలుగా మార్చే రసాయనం తెలిసినవాళ్ళు. తోలు ఊనడం అంటే కొల్లాజెన్ పోగుల నడుమ కొత్త బంధాలు వేయడమే. క్రోమియం ఆ పోగులలోని ఆమ్లపు చివరలను పట్టి కలుపుతుంది, తంగేడు చెక్క, కరక్కాయ కషాయాలు వేరే రకం బంధాలతో కలుపుతాయి. ఆ కలయిక తెలియనప్పుడే, తోలు ఊనే లందల దగ్గర మాదిగ వృత్తికారులు తరతరాలుగా ఆ పని చేసి చూపించారు. పచ్చితోలు కుళ్ళుతుంది, ఊనిన తోలు కుళ్ళదు అన్న జ్ఞానం వాళ్ళది. వాసనను సాకుగా పెట్టుకుని ఊరు వాళ్ళను దూరంగా ఉంచింది, వాళ్ళు చేసిన చెప్పులు మాత్రం తొడుక్కుంది. నాయుడమ్మ గారు తోళ్ళ పరిశ్రమను పరిశోధనశాలలోకి తెచ్చి ఆ పనికి గౌరవం తేవాలని పాటుపడ్డారు. 1985 జూన్ 23న ఐర్లండు తీరం దగ్గర కూలిన ఎయిరిండియా కనిష్క విమానంలో ఆయన పోయారు. ప్రొటీను శాస్త్రం పుస్తకంలో లంద మాట రావడం నాకు తెలిసి ఇదే మొదలు. రావలసిన చోటే వచ్చింది.

రేవు ఊరి రచయిత్రి గనక స్కర్వీని వదల్లేదు. విటమిన్ సి లేకపోతే కొల్లాజెన్‌లోని ప్రోలీన్లకు ఆక్సిజన్ చేర్చే ఎంజైము పని చేయదు, అది చేర్చకపోతే మూడు పేటలు శరీరపు వేడికే విడిపోతాయి. 1740లలో బ్రిటిష్ నౌకాధికారి ఆన్సన్ దండయాత్ర నౌకల మీద వందలమంది నావికులు స్కర్వీతో పోయారు. బాయిన్ యుద్ధంలో యాభై ఏళ్ళ కిందట తగిలి ఎప్పుడో మానిన గాయం ఒక ముసలి సైనికుడికి మళ్ళీ తెరుచుకుందని ఆ యాత్ర వృత్తాంతంలో ఉంది. మానిన మచ్చలో కూడా కొల్లాజెన్ పాతది కరుగుతూ కొత్తది చేరుతూ ఉంటుందన్నదానికి అంతకన్నా గట్టి సాక్ష్యం నేను చదవలేదు. 1747లో నౌకావైద్యుడు జేమ్స్ లిండ్ పన్నెండు మంది నావికులను జతలుగా విడదీసి చేసిన పరీక్షలో నారింజలు, నిమ్మకాయలు తిన్న జత ముందు లేచి తిరిగింది.

కొల్లాజెన్ నడుమ బంధాలు వేసే విద్య ఇప్పుడు కంటివైద్యానికి వచ్చింది. కెరటోకోనస్ అనే జబ్బులో కంటి ముందుపొర పల్చబడి ముందుకు పొడుచుకొస్తుంది. ఎక్కువగా యువతీయువకులకు వస్తుంది, అద్దాల నెంబరు మాటిమాటికీ మారుతుంది. 2003లో జర్మనీలోని డ్రెస్డెన్ వైద్యులు ఆ పొర మీద రైబోఫ్లేవిన్ చుక్కలు వేసి అరగంటసేపు అతినీలలోహిత కాంతి పెడితే కొల్లాజెన్ పోగుల నడుమ కొత్త బంధాలు పడి జబ్బు ముదరకుండా ఆగుతుందని చూపారు. రైబోఫ్లేవిన్ అంటే మనకు తెలిసిన బి2 విటమినే. గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు 1987లో హైదరాబాదులో మొదలుపెట్టిన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రికి 2006 నుంచి మన విశాఖ హనుమంతవాకలో ప్రాంగణం ఉంది. కంటి పొరల మీద ఆ సంస్థ చేసిన పని ప్రపంచానికి తెలుసు. సున్నం, యాసిడ్ పడి చెడిన కంటికి, కంటి అంచు నుంచి తీసిన కొద్దిపాటి మూలకణాలను ఉమ్మనీటి సంచి పొర మీద పరిచి కొత్త పైపొరను మొలిపించే తేలిక పద్ధతిని సాంగ్వాన్ గారి బృందం 2012లో ఆ సంస్థ నుంచే ప్రకటించింది. ఆ మొలిచిన కణాలు కింది పొరను పట్టుకుంటేనే చూపు నిలుస్తుంది. సంధుల శాస్త్రం ఆపరేషను గదిలో ఇలా కనిపిస్తుంది.

ఇంకొక అధ్యాయాన్ని మాత్రం మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు కూర్చుని చదవాలి. అది పుట్టుచెవుడు మీద. కణాల నడుమ పట్టు బిగించే సంధులే కాక, దారి తెరిచే సంధులూ ఉన్నాయి. ఆరు కనెక్సిన్ ప్రొటీన్లు గుండ్రంగా చేరి ఒక గొట్టం అవుతాయి, ఒక కణం గొట్టం పక్క కణం గొట్టంతో ఎదురెదురుగా కలుస్తుంది. చిన్న అయాన్లు, అణువులు అందులోంచి ఇటూ అటూ పోతాయి. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే కణాలకు పొటాషియం కావాలి. వాడిన పొటాషియాన్ని మళ్ళీ చేర్చవలసిన చోటికి చేర్చేది చుట్టూ ఉన్న ఆధార కణాలనీ, అవి దాన్ని ఒకదానికొకటి అందించుకునేది ఈ కనెక్సిన్ దారుల్లోనే అనీ శాస్త్రజ్ఞుల అభిప్రాయం. 1997లో కనెక్సిన్ 26 జన్యువు చెడితే బిడ్డ చెవుడుతో పుడుతుందని తేలింది. భారతీయ కుటుంబాల్లో ఎక్కువగా కనబడే లోపం ఒకటుంది. 226 అమైనో ఆమ్లాల ఈ ప్రొటీనులో 24వ స్థానం దగ్గర ఆగమని తప్పుడు సంకేతం పడుతుంది. 23తోనే ప్రొటీను తెగిపోతుంది.

తల్లికీ తండ్రికీ ఈ జన్యువు చెడ్డ ప్రతి చెరొకటి ఉండి, ఇద్దరికీ చక్కగా వినబడుతూ, బిడ్డకు ఆ రెండూ వస్తేనే చెవుడు. అలాంటి దంపతులకు పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు అవకాశం. మన దగ్గర మేనరికాలున్నాయి. మేనమామ, మేనకోడలు తమ జన్యువుల్లో సగటున నాలుగో వంతు పంచుకుంటారు, మేనత్త మేనమామల పిల్లలు ఎనిమిదో వంతు. ఒకే తాతనుంచి వచ్చిన చెడ్డ ప్రతి ఇద్దరిలోనూ ఉండే అవకాశం అందుకే పెరుగుతుంది. రచయిత్రి ఈ లెక్క చెప్పేటప్పుడు మేనరికం చేసుకున్నవాళ్ళను ఒక్క మాట కూడా అనలేదు, మేనరికం కాని ఇళ్ళల్లోనూ ఇది వస్తుందని గుర్తుచేసింది. ఆ సంస్కారానికి నా నమస్కారం. బిడ్డకు వినబడకపోతే తల్లిని ఆడిపోసుకునే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూసిందంటారు, తినరానిది తిన్నదంటారు. చెడ్డ ప్రతి తండ్రి నుంచీ సరిసమానంగా వచ్చిందని ఆ ఇంట్లో ఒక్కరు చదివి చెప్పినా చాలు. ఈ రకం చెవుడులో వినికిడి నరం సాధారణంగా బాగానే ఉంటుంది కాబట్టి కాక్లియర్ ఇంప్లాంటు మంచి ఫలితం ఇస్తుంది. మన రాష్ట్రంలో ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద చిన్నపిల్లలకు అది చేస్తున్నారు. బిడ్డకు మాటలు రావలసిన వయసు దాటకముందే వెళ్ళాలి. చప్పుడుకు ఉలిక్కిపడని పసిబిడ్డను చూసి, మాటలు వాటంతట అవే వస్తాయిలే, వాళ్ళ నాన్నకూ ఆలస్యంగానే వచ్చాయి అని ఊరుకోవద్దు.

బిగువు సంధుల అధ్యాయం పొట్టిది. సుకీతా బృందం 1998లో కనుక్కున్న క్లాడిన్లు పేగులోనూ మూత్రపిండంలోనూ ఏ అయాను పోవాలో ఏది ఆగాలో నిర్ణయిస్తాయని చెప్పి ముగించింది. పుస్తకంలో ఇంకోచోట, హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో వీణా పర్నాయక్ గారు కేంద్రకానికి ఆధారమైన లామిన్ల మీద, సీహెచ్. మోహన్‌రావు గారు కంటి కటకంలోని క్రిస్టలిన్ల మీద చేసిన కృషిని పరిచయం చేసిన తీరు బాగుంది, ఇంకాస్త రాసినా చదివేవాణ్ణి.

శాస్త్రాన్ని తెలుగులో రాసే పని కొత్తది కాదు. కొమర్రాజు లక్ష్మణరావు గారు 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టినప్పటి నుంచి సాగుతున్నదే. నండూరి రామమోహనరావు, మహీధర నళినీమోహన్, కొడవటిగంటి రోహిణీప్రసాద్, వేమూరి వేంకటేశ్వరరావు గార్ల పుస్తకాలు చదివి పెరిగిన పాఠకులు మనకున్నారు. ఆ వరసలో నిలబడటానికి కావలసిన రెండు గుణాలు, విషయం మీద పట్టు, పాఠకుడి మీద గౌరవం, ఈమెకు ఉన్నాయి. అణుజీవశాస్త్రం చదివే విద్యార్థి దీన్ని పాఠ్యపుస్తకం పక్కన పెట్టుకోవచ్చు. నర్సింగు విద్యార్థులు పెంఫిగస్, చెవుడు అధ్యాయాలు ముందు చదివి తరవాత మొదటికి రావచ్చు.

పెద్దవాణ్ణి గనక రెండు లోపాలు చెప్పి ముగిస్తాను. గుండె కండరంలోని డెస్మోసోముల సంగతి మూడు పేజీల్లో తేల్చేయడం అన్యాయం. గ్రీసులోని నాక్సోస్ ద్వీపంలో ఉంగరాల జుట్టు, దళసరి అరచేతులు ఉన్న కుటుంబాల్లో పడుచువాళ్ళు హఠాత్తుగా గుండె ఆగి పోతుంటే, 2000లో ప్లాకోగ్లోబిన్ జన్యువు దగ్గర కారణం దొరికింది. చర్మం, జుట్టు, గుండె ఒకే ప్రొటీనుతో నిలబడుతున్నాయన్న ఆ కథకు ఇంకా చోటు కావాలి. రెండోది ఊపిరితిత్తులు. ఇనుపఖనిజం ఎక్కే, బొగ్గు దిగే రేవు మనది, ఉక్కు కొలిమి మనది. వన్‌టౌను డాబాల మీద పొద్దున్నే నల్లటి ధూళి ఊడ్చుకునే ఇల్లాళ్ళు మనవాళ్ళు. ఊపిరి గొట్టాల లోపలి పొరలో కణాలను బిగించి ఉంచే సంధులను సన్నని ధూళి సడలిస్తుందని ప్రయోగశాలల్లో చూస్తున్నారు. ఈ ఊళ్ళో కూర్చుని రాసిన పుస్తకంలో ఆ అధ్యాయం లేకపోతే ఎలా? రెండో ముద్రణకు అది రాయవలసిందే. శ్వాసనాళపు స్లైడ్లు, ఆరోగ్యమైనవీ దెబ్బతిన్నవీ, నా దగ్గర రెండు పెట్టెలున్నాయి. అమ్మాయి వచ్చి తీసుకెళ్ళాలి.

మహారాణిపేట, విశాఖపట్నం